పొద్దటి కుర్రు

కథ ఎక్కడిదాకా వచ్చిందో రెండు మాటల్లో: సిరిసిల్లలో స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో అఖిల మిషన్ మీద ఉండగా మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ వచ్చింది. దసరా సెలవులకు తల్లి పోచవ్వ దగ్గర వదిలిన ఆరేళ్ల కూతురు ప్రీతి గోదావరి నడుమ కుర్రులో కనిపించడం లేదు. కోరుట్ల దాకా బస్సు, అక్కడి నుంచి ఒర్రెపల్లికి ఆటో, ఒడ్డు నుంచి లింగన్న పడవ. ఆ పడవ కుర్రును తాకినప్పుడు మూడున్నర అయింది. అక్కడే మనం ఆగాం.

పడవ ఇంకా పూర్తిగా ఆగకముందే అఖిల నీళ్లలోకి దూకింది. ఒడ్డున పోచవ్వ నిలబడి ఉంది. కొంగు నడుముకు చుట్టి ఉంది, చేతులకు పొద్దున కలుపు తీసిన మట్టి ఎండిపోయి ఉంది. నాలుగు గంటలుగా ఆ చేతులు కడుక్కోవాలని కూడా ఆమెకు తోచలేదు. కూతుర్ని చూసి ఒక అడుగు ముందుకు వేసి, మళ్లీ వెనక్కి వేసింది.

"సద్ది మూట ఇప్పుదమని పిలిచిన బిడ్డా. పలుకలే," అంది.

అఖిల ఆమెను దాటుకుని గట్టెక్కింది.

ఒర్రెపల్లి వాళ్లు గోదావరిని గోదావరి అనరు, గంగ అంటారు. ఊరి ముందు గంగ రెండు పాయలుగా చీలి, రెండు కిలోమీటర్లు వేరువేరుగా పోయి మళ్లీ కలుస్తుంది. ఆ నడుమ మిగిలిన నేలే కుర్రు. పైనుంచి చూస్తే చేపలా ఉంటుందంటారు. పడమరకు తలకాయ, తూర్పుకు తోక. తలకాయ దగ్గర నేల ఎత్తు, అక్కడ పసుపు వేస్తారు. నడుమంతా మక్క, అంటే మొక్కజొన్న చేన్లు. మక్క దాటితే తాటిచెట్లు, ఆ చెట్ల తర్వాత అడ్డంగా ఒక ఒర్రె, అంటే చిన్న వాగు. ఒర్రెకు అవతల తోక. అక్కడ ఎవరూ ఏమీ వేయరు. రెల్లు, తుంగ, వరద తెచ్చి పడేసిన మొద్దులు.

వెతుకులాట ఎస్ఐ నవనీత చేతిలో ఉంది. ముప్పై ఏళ్లు నిండని మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది, మొహం మీద మక్కాకులు కోసిన గీతలున్నాయి. సొంతూరు ముస్తాబాద్ దిక్కు. అక్కడ బావులున్నాయి, చెరువులున్నాయి, ఇంత ఏరు లేదు. ఆ సంగతి ఆమె దాచలేదు కూడా.

"మీరు తల్లి కదా. కూర్చోండి," అంది.

"కూసోను మేడం. ఎంతవరకు వెతికిండ్రో చెప్పుండ్రి."

నవనీత చెప్పింది. నలభై మందిని చేయీ చేయీ తగిలేంత దూరంలో వరుసగా నిలబెట్టి మక్కలో ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా నడిపించారు. నిలువెత్తు మీద ఇంకో అర నిలువు ఉన్న పైరు అది. పక్క సాలులో కూర్చున్న పిల్ల కూడా కనపడదు. అందుకే రెండోసారి అడ్డంగా నడిపించారు. కోరుట్ల నుంచి పెళ్లిళ్లకు వీడియో తీసే సాగర్ అనే కుర్రాడు డ్రోను తెచ్చి ఎగరేశాడు. పైనుంచి అంతా ఒకటే పచ్చదనం, ఆకుల కింద ఏముందో తెలియదు. ఒడ్డు ఇసుకలో పిల్ల అడుగులు వెతుకుదామంటే, వెతకడానికి వచ్చినవాళ్లే తొక్కేశారు. జగిత్యాల నుంచి ఈతగాళ్లు బయలుదేరారు. ఈలోగా...

అక్కడ నవనీత ఆగింది. ఈలోగా కింద పాయలో ఇద్దరు వలలు వేస్తున్నారు. అఖిల అటు చూడలేదు. పడవలో వచ్చేటప్పుడు కూడా మొహం తిప్పుకునే కూర్చుంది.

"అది నీళ్లకు పోదు మేడం. దానికి నీళ్లంటే భయం," అంది. "నాకెర్క అదేడుంటదో. తలకాయ కాడ దోనెబండ ఉన్నది. కింద గుహ లెక్క ఉంటది. నేను దాని అంత ఉన్నప్పుడు మా అవ్వ మీద అలిగి గండ్లనే పంటుంటి. దానికి గా కత సుత చెప్పిన."

ఆ మాటలో ఉన్న నమ్మకం నవనీతను కూడా కదిలించింది. మక్కలో ఉన్న మనుషుల్లో సగం మందిని పిలిచి అఖిల వెంట పంపింది.

ఆ కుర్రులోనే అఖిల పెరిగింది. పోచవ్వకు సెంటు భూమి లేదు, ఎవరి చేను పిలిస్తే ఆ చేనుకు పోయేది. కూతుర్ని చంకనేసుకుని పోయేది. పసుపు తవ్వే రోజుల్లో పసుపు, నువ్వు కోసే రోజుల్లో నువ్వు. ఏ గట్టు మీద రేగు ఉంటుందో, ఏ మడుగులో చేప చేతికి దొరుకుతుందో అఖిలకు కళ్లు మూసుకున్నా తెలుసు. బైకు ప్రమాదంలో భర్త నరేందర్ పోయిన తర్వాతే ఆమె సిరిసిల్లకు వెళ్లింది. వెళ్లి నాలుగేళ్లు. పిల్లను వెంటే ఉంచుకుంది, సెలవులకు మాత్రం ఊరికి పంపేది. ఊరికి వచ్చినప్పుడల్లా ఇంటి దాకా వచ్చి ఇంటి నుంచే వెళ్లిపోయింది. కుర్రుకు దాటలేదు.

పసుపు చేను గట్టు వెంట ఉరికింది. గట్టు మధ్యలో తెగి ఉంది. తెగినచోట దిగి ఎక్కింది. మలుపు తిరిగితే బండ కనపడాలి.

మలుపు తిరిగింది. ఇసుక ఉంది.

చదునుగా, తెల్లగా, ఎకరం మేర ఇసుక. అందులో నుంచి మూరెడు నల్లటి రాయి బయటికి కనపడుతోంది. దోనెబండ నెత్తి అది. మిగతాదంతా కింద ఉంది.

అఖిల మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తోడింది. వెంట వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆపమని ఎవరికీ నోరు రాలేదు. కొంతమంది తామూ తోడారు, దోసిట్లో ఎత్తిన ఇసుక ఎత్తినట్టే మళ్లీ జారింది. వెనక నుంచి పోచవ్వ వచ్చి కూతురి భుజం పట్టుకుంది.

"ఇడువు బిడ్డా. గీ బండ పూడి మూడేండ్లయింది."

"నాకెందుకు చెప్పలే?"

"బండ పూడిందని ఫోన్ చేసి చెప్తరా?" అంది పోచవ్వ. "నీ కుర్రు కాదే ఇది. గంగ ఏటేటా కొత్త కుర్రు పెడ్తది. నువ్వు తిరిగిన నేల ఎప్పుడో కొట్టుకపోయింది."

అఖిల లేచింది. గోళ్ల సందుల్లో ఇసుక, చేతివేళ్ల చివర రక్తం. రావడానికీ వెతకడానికీ తిరిగి పోవడానికీ కలిపి గంట. ఇరవై మందిని తన మాట మీద మక్కలో నుంచి బయటికి తెచ్చింది. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే బాగుండుననిపించింది.

పోచవ్వ పక్కనే నడుస్తోంది. కొంత దూరం పోయాక, "తిట్టు బిడ్డా," అంది. "ఒక్కపారి తిట్టు. మూడు సాళ్లు కలుపు తీసేవరకు పిల్ల దిక్కు సూడలే. సాలు కొసకు వచ్చినంక సూద్దమనుకున్న. నువ్వు తిట్టకుంటే నాకు పానం కొట్టుకుంటున్నది."

"తిడ్త అవ్వా," అంది అఖిల. "పిల్ల దొరికినంక మస్తు తిడ్త."

పోచవ్వ తల ఊపింది. ఐదు గంటల తర్వాత మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మక్క చేను దాటి తాటిచెట్ల దాకా వచ్చేసరికి ఒక చెట్టు మొదట్లో మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కన కానిస్టేబులు నిలబడి ఉన్నాడు. కల్లు గీసే వెంకటి. అరవై దాటినవాడు. కుర్రులో తాటిచెట్లన్నీ గీసేది అతనే. పొద్దున కూలివాళ్లు కాకుండా కుర్రుకు వచ్చినవాడు అతనొక్కడే. వెతకడం మొదలైనప్పుడు అతని బట్టలు నిలువునా తడిసి ఉన్నాయట. ఎందుకు తడిశాయని పోలీసులు అడిగితే జవాబు చెప్పలేదట. జనంలో గుసగుసలు అప్పటికే ముదిరాయి. ఎవరో ఆడమనిషి అఖిల చెవిలో ఆ మాట వేసి, "జర అడుగు బిడ్డా, నీకన్న చెప్తడేమో," అంది.

అఖిలకు అతను చిన్నప్పటి నుంచి తెలుసు. పొద్దున్నే చెట్టు మీది నుంచి ఊరంతా చూసి, ఎవరి ఇంట్లో పొయ్యి రాజుకుందో చెప్పేవాడు. చెట్లెక్కీ ఎక్కీ ఛాతీ మీద చర్మం తోలులా అయింది. ఇప్పుడు ఆ ఛాతీ మీద కొత్తగా గీరుకుపోయిన ఎర్రటి గాయముంది. అతను తల ఎత్తలేదు.

ఆమె అతన్ని అలాగే చూస్తూ నిలబడింది. ఏదో లోటుగా అనిపించింది. ఏమిటో అందడానికి కొంచెంసేపు పట్టింది. అతని భుజం బోసిగా ఉంది. వెంకటి భుజాన మోకు లేకుండా ఆమె ఎన్నడూ చూడలేదు. చెట్టుకూ నడుముకూ చుట్టుకుని ఎక్కే ఆ తాడు లేకపోతే గీత కార్మికుడు నేల మీది మనిషే. అన్నం తినేటప్పుడు కూడా అతను దాన్ని పక్కన పెట్టుకుని తినేవాడు.

"కాకా, నీ మోకేది?"

వెంకటి చెయ్యి భుజం మీదికి పోయింది. ఖాళీ భుజాన్ని తడిమి కిందికి జారింది.

"గంగ గుంజుకపోయింది."

"గంగల ఎందుకు దిగినవ్?"

వెంకటి చూపు ఒర్రె వైపు పోయింది.

"నీ తాటిచెట్లు ఇవతలనే ఉన్నయి. కల్లు లొట్లు ఇవతలనే ఉన్నయి. ఒర్రె దాటి నీకేం పని?" అఖిల అతని ఎదుట కూర్చుంది. "కాకా, నా దిక్కు సూడు. మా అవ్వ పనికి పోతే నన్ను నువ్వు ఎన్ని దినాలు సూస్కున్నవ్. నా బిడ్డకేమన్న చేసినవని నేను అంటలేను. నువ్వు ఎందుకు దిగినవో చెప్పు."

వెంకటి పెదవులు కదిలాయి. మాట వచ్చినప్పుడు చాలా చిన్నగా వచ్చింది.

"నేనే పంపిన బిడ్డా."

కానిస్టేబులు ఒక అడుగు ముందుకు వేశాడు. అఖిల చెయ్యెత్తి ఆపింది.

"పొద్దుగాల తొమ్మిదయిందో లేదో. చెట్టు మీదున్న. కింద నిలవడి అడిగింది. తాతా, బతుకమ్మకు గునుగు పువ్వు కావాలె, మా అమ్మ వచ్చేవరకు పెద్ద బతుకమ్మ చెయ్యాలె, ఏడుంటది అని. ఇవతలిదంత కలుపుల పోయింది. తోక మీద తెల్లగ పూసి ఉన్నది. పైనుంచి నాకు కనవడ్డది. గాడున్నది పో అని చెయ్యి సూపిచ్చిన. గీ చెయ్యే."

"ఒర్రె ఎట్ల దాటింది? ఒర్రెల మనిషి మునుగుతడు గదా! సుడి ఉంటది, అటు పోవద్దని నువ్వే మమ్ముల కొడ్తుంటివి."

"గా సుడి ఇప్పుడేడిది? పెద్ద గంగ అచ్చిన ఏడాది దోనెబండ పూడ్చింది గదా, అప్పుడే ఒర్రెను సుత పూడ్చింది. పైన ప్రాజెక్టు గేట్లు మూసి ఉన్నన్ని దినాలు ఉత్త ఇసుక. పొద్దుగాల సుక్క నీళ్లు లేవు. పిల్ల కాళ్లు సుత తడవలే. ఉరుక్కుంట దాటింది. నేను నగుకుంట సూసిన."

"మరి మా అవ్వోళ్లకు..."

"వాళ్లకేమెర్క? తలకాయ కాడ దిగుతరు, తలకాయ కాడనే పడవెక్కుతరు. గీ మూలకు నేను తప్ప ఎవలస్తరు?"

తర్వాతిది అతను తల వంచుకునే చెప్పాడు. కల్లు దించుకుని పదింటికల్లా ఊళ్లోకి పోయాడు. పదకొండు దాటాక పైనుంచి నీళ్లొచ్చాయి. పిల్ల కనపడటం లేదని ఊళ్లో కేక లేవగానే మొదటి పడవలో దాటి సూటిగా ఒర్రె దగ్గరికి ఉరికాడు. ఒర్రె నిండి ఉంది. మోకును ఒడ్డు చెట్టుకు కట్టి, రెండో కొస నడుముకు కట్టుకుని దిగాడు. నడిమికి పోగానే నీళ్లు కాళ్లు లాగేశాయి. రెండు ముళ్లూ జారాయి. కింద ఎక్కడో మొద్దుకు కొట్టుకుని ఒడ్డు పట్టుకున్నాడు.

"పైకెక్కేవరకు పోలీసోళ్లున్నరు. బట్టలెందుకు తడిసినయ్ అన్నరు. నేనే పంపిన అని నోటిదాక అచ్చింది. బయటికి రాలే బిడ్డా. పిల్ల మల్లి వచ్చేటప్పుడు నీళ్లు తగులుకున్నయేమో. చెప్తే గదే నిజమైతదనిపిచ్చింది."

అఖిల లేచి నిలబడింది. అతన్ని కొట్టాలనిపించింది. చెయ్యి నిజంగానే పైకి లేచింది. ఎంతసేపు కూర్చున్నాడు ఇక్కడ, నోరు మూసుకుని? మూడు గంటలు. నాలుగు గంటలు. ఆ మాట అనబోయి, తన గోళ్ల సందుల్లోని ఇసుక కనపడి ఆగిపోయింది. ఒక గంట తనది కూడా ఉంది.

"మేడం!" అని కేకేసింది.

నవనీత అంతా విన్నది. ఆమె వెంకటిని ఏమీ అనలేదు. జేబులోంచి ఫోన్ తీసి, మధ్యాహ్నం నుంచి పదిసార్లు చూసిన పటాన్నే మళ్లీ తెరిచింది. ఆకాశం నుంచి తీసిన ఫొటో. అందులో కుర్రుకూ తోకకూ మధ్య నీళ్లు లేవు. నేల అంతా ఒకటే.

"ఇందులో కలిసే ఉంది," అంది నెమ్మదిగా. "నేను వచ్చేసరికి ఇక్కడ ముప్పై గజాల నీళ్లు. పటమే తప్పనుకున్నా. ఎండాకాలం ఫొటో అయి ఉంటుందని వదిలేశా. ఇంత నీళ్లు ఆరేళ్ల పిల్ల దాటదు కదా అని ఈ ఒడ్డు దగ్గరే హద్దు గీశాను."

అందరి లెక్కా ఆ హద్దు దగ్గరే ఆగింది. నలభై మంది, డ్రోను, వలలు, అన్నీ మధ్యాహ్నం కుర్రునే వెతికాయి. పిల్ల తప్పిపోయింది మాత్రం పొద్దటి కుర్రులో. ఆ కుర్రు ఇంకో అర కిలోమీటరు పెద్దది.

"డ్రోను అటు పంపండి," అంది నవనీత.

"బ్యాటరీలు రెండూ అయిపోయినయ్ మేడం. ఊర్ల చార్జింగ్ పెట్టిన," అన్నాడు సాగర్, ఏడుపు మొహంతో.

సరిగ్గా అప్పుడే నవనీత ఫోన్ మోగింది. విని పెట్టేసింది. చెప్పాలా వద్దా అన్నట్టు ఒక క్షణం అఖిల వైపు చూసి, చెప్పేసింది. పైన ఇంకో నాలుగు గేట్లు ఎత్తి చాలాసేపైంది. కబురు ఆలస్యంగా వచ్చింది.

లింగన్న ఒంగి ఒర్రె అంచున ఒక పుల్ల గుచ్చాడు. "తోక ఇవతలి కన్న నిలువెడు కిందికున్నది," అన్నాడు. "ఇంకో రెండు మూరలు లేస్తే తోక ఉండది. పొద్దు గూకేవరకు టైమున్నదనుకుంటున్న. సూటిగ దాటుదమంటే పడవ ఆగది. ఒర్రె పై మూతి దాక పడవను ఒడ్డెంబడి ఈడ్చుకపోవాలె. ఆడికెల్లి ఇడిస్తే గంగనే తోకకు కొడ్తది."

పదిహేను మంది పడవ కోసం ఉరికారు. మిగిలినవాళ్లు ఒర్రె ఒడ్డున చేరి కేకలు మొదలుపెట్టారు. ప్రీతీ, ప్రీతమ్మా అని ఒకరి మీద ఒకరు. ఎవరో సద్ది గిన్నె మీద రాయితో కొడుతున్నారు.

అఖిల చెవులు మూసుకుంది. పడమటి గాలి వీపున కొడుతోంది. గాలి ఇటు నుంచి అటు పోతోంది. అంటే మధ్యాహ్నం నుంచి ఇక్కడ అరిచిన ప్రతి అరుపూ తోక దాకా చేరే ఉంటుంది. అక్కడి నుంచి పిల్ల పలికి ఉంటే, ఆ పలుకు ఈ గాలికి ఎదురీదలేదు. ఎన్నిసార్లు పలికిందో. ఎవరూ రావడం లేదని ఎప్పుడు ఊరుకుందో.

"ఆపుండ్రి!" అని అరిచింది. "అందరు మొత్తుకుంటే అది పలికినా ఎవలింటరు? జర సప్పుడు చెయ్యకుండ్రి!"

నవనీత విజిల్ ఊదింది. గిన్నె ఆగింది. కుర్రంతా నిశ్శబ్దమైంది. ఒర్రె నీళ్ల సడి ఒక్కటే మిగిలింది. రెల్లు మీది నుంచి ఏ మాటా రాలేదు.

"పైకెక్కితే కనవడ్తది," అన్నాడు వెంకటి. అతను ఎప్పుడు లేచి వచ్చాడో ఎవరూ చూడలేదు. "తాడు ఇయ్యిండ్రి."

"పక్కటెముకలు విరిగినట్టున్నయ్ నీకు," అన్నాడు కానిస్టేబులు.

"తాడియ్యి సారూ."

పడవ తాడు ముక్క తెచ్చి ఇచ్చారు. మోకు కాదు అది, మెత్తగా జారే నైలాను తాడు. వెంకటి దాన్ని చెట్టు చుట్టూ తిప్పి, రెండు ముళ్లు వేసి, ఒర్రె ఒడ్డున ఉన్న అన్నిటికన్నా పొడుగు తాటిచెట్టు ఎక్కసాగాడు. ప్రతి ఎగురుకూ నోట్లోంచి ఒక మూలుగు. సగంలో ఒకసారి తాడు జారి రెండు బారలు కిందికి వచ్చాడు. పోచవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను మళ్లీ ఎక్కాడు. మట్టల దాకా పోయి, ఒక చేత్తో కళ్లకు నీడ పట్టుకున్నాడు.

అఖిల మెడ ఎత్తి చూస్తూనే ఉంది. ఎంతసేపు గడిచిందో తెలియదు.

"ఎర్ర గౌను?"

"అవ్!"

"ఉన్నది బిడ్డా! ఉన్నది!" వెంకటి కేకేశాడు. "కూసున్నది! మొద్దుల కాడ ఎత్తు మీద కూసున్నది! కదులుతున్నది!"

పోచవ్వ అఖిలను పట్టుకుందో, అఖిల పోచవ్వను పట్టుకుందో, ఇద్దరూ కలిసి ఒడ్డు మీద కూలబడ్డారు. వెనక జనంలో ఎవరో గట్టిగా ఏడ్చారు. నవనీత మాత్రం పైకే చూస్తోంది. వెంకటి సంతోషం మధ్యలో ఆగిపోవడం ఆమె గమనించింది.

"ఏమైంది?" అంది.

"మేడం, పిల్ల ఒక్కతే కాదు, ఇంకొకలున్నరు."

గాలి ఆ నిమిషాన కొంచెం తగ్గింది. సందు దొరికినట్టు, నీళ్ల మీది నుంచి సన్నగా ఒక మాట వచ్చింది.

"అమ్మా..."

అఖిల ఒర్రె నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి అరిచింది. "వస్తున్న బిడ్డా! పడవ వస్తున్నది! ఆడనే ఉండు!"

"నేను రాను అమ్మా... తాత లేస్తలేడు..."

ఏ తాత? అఖిల తల ఎత్తి వెంకటిని చూసింది. నవనీత సంచిలోంచి పుస్తకం తీసి పేజీ తిప్పింది. పొద్దున కుర్రుకు దాటిన కూలివాళ్లు పందొమ్మిది మంది. పందొమ్మిది పేర్ల పక్కనా టిక్కులున్నాయి. ఊళ్లో ఇంకెవరూ తప్పిపోలేదు. తప్పిపోయారని ఎవరూ వచ్చి చెప్పలేదు.

"ముసలాయన!" పైనుంచి వెంకటి కేకేశాడు. "పిల్ల ఒళ్లె తల పెట్టి పన్నడు. మనూరోడు కాదు. నేనెన్నడు సూడలే!"

ఒర్రె పై మూతి దగ్గర పడవ సిద్ధమైంది. అఖిల ఒడ్డు వెంట ఉరికింది, నవనీత వెనకే ఉంది. లింగన్న తెడ్డు పట్టుకుని లోపల కూర్చున్నాడు. పదిమంది నడుముల దాకా నీళ్లలో దిగి పడవను బలవంతాన ఆపుతున్నారు. అఖిల ఒక కాలు లోపల పెట్టింది.

"బిడ్డా," అన్నాడు లింగన్న. అతను ఆమె మొహం వైపు చూడటం లేదు. "గీ పడవ ముగ్గుర్నే మోస్తది. గీ నీళ్లల్ల నాలుగో మనిషెక్కితే అందరం పోతం. నువ్వు ఎక్కితే మల్ల వచ్చేటప్పుడు ఒక్కలకే జాగ."

"ముందు పిల్లను తెద్దం. ఆయన కోసం మల్ల పో."

"మల్ల పోయేవరకు తోక ఉండది."

అఖిల రెండు చేతులూ పడవ అంచును పట్టుకుని ఉన్నాయి. సిరిసిల్ల నుంచి ఇక్కడి దాకా, బస్సులో, ఆటోలో, ఆ ఇసుకలో, ఆమె ఒక్కటే తలుచుకుంది. పిల్లను ముందు తన చేతుల్లోకి తీసుకోవాలి. తర్వాత ఏమైనా కానీ. ఇప్పుడు ఆ చేతులు పడవ మీద ఉన్నాయి. అవతల తెలియని ముసలివాడెవరో. అతని కోసం ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ బస్సెక్కలేదు. ఆరేళ్ల పిల్ల పొద్దటి నుంచి నీళ్లకు భయపడుతూ కూడా అతని తలను ఒళ్లోంచి దించలేదు.

నేను రాను అంది పిల్ల. వదిలి రమ్మని ఎలా చెప్పాలి దానికి?

"చెప్పు బిడ్డా. మావోళ్లు ఆపలేకపోతున్నరు," అన్నాడు లింగన్న.

అఖిల కాలు బయటికి తీసింది. వేళ్లు ఒక్కొక్కటిగా విడిచింది.

"ఇద్దర్ని పట్టుకరా అన్నా," అంది. తర్వాత తోక వైపు తిరిగి, ఊపిరంతా పెట్టి అరిచింది. "ప్రీతీ! తాతను ఇడువకు! లింగన్న మామ ఇద్దర్ని తెస్తడు! చెప్పినట్టిను!"

పడవ వదిలారు. ఒర్రె దాన్ని ఆకులా అందుకుంది. రెండు చుట్లు తిప్పి, రెల్లు దుబ్బుల వెనక్కి లాక్కుపోయింది. ఇప్పుడు ఒడ్డు మీది నుంచి చూస్తే పడవా లేదు, పిల్లా లేదు, రెల్లు తప్ప ఏమీ లేదు. ఆ ముగ్గురినీ చూడగలిగినవాడు మొత్తం కుర్రులో ఒక్కడే. చెట్టు మీద ఉన్నాడు.

"కుడికి లింగన్నా!" పైనుంచి వెంకటి గొంతు. "మొద్దున్నది, కుడికి! ఆఁ, గట్లనే! ఇంకింత! పిల్ల నీకు ఎదురుంగనే ఉన్నది! ఇరువై గజాలు! తెడ్డు గట్టిగ..."

మాట సగంలో ఆగిపోయింది.

అఖిల ఎదురుచూసింది. ఒక క్షణం. ఇంకో క్షణం. "కాకా?" అని తల ఎత్తింది.

వెంకటి తోక వైపు చూడటం లేదు. తాడు పట్టుకున్న చేతుల్తో అలాగే బిగుసుకుపోయి, మెడ తిప్పి, పడమరకు, గంగ వచ్చే దిక్కుకు, గేట్లెత్తిన దిక్కుకు చూస్తున్నాడు.